ఇంజను పడవ అమరపు పలకలో కుళ్ళు: గుర్తించుట, నివారించుట

గోదావరి లంకలలో పొలములు గల రైతులకు పడవ కూడ ఒక వ్యవసాయపు పనిముట్టే. కొబ్బరికాయలు, అరటి గెలలు, కూరగాయలు ఒడ్డుకు చేరవలెనన్నను, ఎరువులు, విత్తనములు, కూలివారు లంకలోనికి పోవలెనన్నను పడవయే దిక్కు. చేపల చెరువులు గలవారికిని, జలాశయముల ఒడ్డున వ్యవసాయము చేయువారికిని కూడ పడవతో పని ఉండును. ఒకప్పుడు గెడలతోను, తెడ్లతోను నడచిన పడవలకు ఇప్పుడు చాలచోట్ల వెనుక భాగమున ఇంజను తగిలించుచున్నారు. ఇంజనుకు నూనె మార్చుట, ప్లగ్గు తుడుచుట మొదలగు పనులను రైతు శ్రద్ధగానే చేయుచున్నాడు. కాని ఆ ఇంజనును మోయుచున్న చెక్కను పరీక్షించువారు తక్కువ.

ఆ చెక్కయే అమరపు పలక. పడవ ముందు కొనను అణియమనియు, వెనుక భాగమును అమరమనియు అందురు. అమరమును అడ్డముగా మూసియుండు పలకకే ఇంజనును బిగింతురు. పడవలు కట్టువారు, ఇంజనులు అమ్మువారు దీనినే ట్రాన్సమ్ అని పిలుతురు.

శ్రావణ మాసమున ఏరు నిండుగా పారుచున్నప్పుడు నడి ఏటిలో ఈ పలక విరిగి ఇంజను ఊడినచో, పోవునది ఇంజను ఒక్కటే కాదు. పడవ అదుపు తప్పి ప్రవాహము లాగిన వైపునకు పోవును. విరిగిన చోటినుండి నీరు లోనికి చొరబడును. ఆ సమయమున పడవలో నాట్లకు వచ్చిన కూలివారు ఉండవచ్చును. బడికి పోవు పిల్లలు ఉండవచ్చును. అమరపు పలక ఒక్క రోజులో కుళ్ళదు. నెలల తరబడి, ఏండ్ల తరబడి గురుతులు చూపుచునే యుండును. ఆ గురుతులను పోల్చుకొనుట, కుళ్ళు పట్టకుండ కాపాడుకొనుట ఎట్లో ఈ పాఠములో తెలిసికొందము.

పలకపై పడు బరువు

పది గుర్రపుశక్తి గల ఇంజను సుమారు 40 కిలోలు తూగును. ఈ బరువు పలక పైఅంచున వ్రేలాడుచుండును. అంతేకాక, ఇంజను నడచునప్పుడు నీటి అడుగున తిరుగు పంకా పడవను ముందునకు నెట్టును. అప్పుడు ఇంజను బిగింపు క్రింది భాగము పలకను లోనికి నొక్కును; పైభాగము పలకను వెనుకకు లాగును. గునపముతో రాయిని పెకలించునట్లు ఈ లాగుడు, నొక్కుడు రేయింబవళ్ళు పలకపై పనిచేయుచుండును. ఇసుక మేట తగిలినప్పుడును, ఎగుడుదిగుడు రోడ్డుపై ఇంజనుతో సహా పడవను బండిపై తరలించునప్పుడును ఈ దెబ్బ మరింత ఎక్కువగును.

చెక్క పడవలలో అమరపు పలక మందమైన కలపతో చేయబడి కంటికి కనబడుచుండును. ఫైబరు పడవలలో అట్లు కాదు. అక్కడ ప్లైవుడ్ పలకలను రెండు పొరలుగా అతికించి, సుమారు ఒకటిన్నర అంగుళముల మందము చేసి, లోపలను వెలుపలను ఫైబరు పొర కప్పుదురు. చూచువారికి అంతయు ఫైబరుగనే తోచును. "ఫైబరు పడవకు కుళ్ళేమిటి?" అని రైతు అనుకొనును. ఫైబరు కుళ్ళదు, నిజమే. దాని కడుపులోని చెక్క కుళ్ళును. వరిగడ్డి వామి పైకి బంగారు రంగున మెరయుచుండును. నడుమ తడి దిగిన చోట మాత్రము గడ్డి నల్లబడి చేతికి ముద్దవలె వచ్చును. ఫైబరు పడవలోని పలక గతియు అంతే.

చెక్క ఎందువలన కుళ్ళును?

నీటిలో నానినందువలన చెక్క కుళ్ళునని చాలమంది అభిప్రాయము. ఇది సగము మాత్రమే నిజము. మీ కంచె గుంజను ఒకదానిని పెరికి చూడుడు. నేలకు మూడడుగుల లోతున ఉన్న కొన సాధారణముగా గట్టిగానే యుండును. గాలిలో నిలిచిన పైభాగమును గట్టిగానే యుండును. నేల మట్టమునకు సరిగా, జానెడు మేర మాత్రము గుంజ చివికి యుండును. ఎందువలన? లోతున తడి యున్నది గాని గాలి చాలదు. పైన గాలి యున్నది గాని తడి నిలువదు. నేల మట్టమున రెండును కలియును.

చెక్కను కుళ్ళించునది నీరు కాదు, శిలీంధ్రము. వరిలో అగ్గితెగులును, నిలువ ధాన్యములో బూజును కలిగించునట్టి జీవుల జాతికి చెందినదే ఇదియును. దీని విత్తుల వంటి సూక్ష్మకణములు గాలిలో అంతటను తేలుచుండును. వానిని ఆపుట మనవలన కాదు. కాని అవి మొలచి పెరుగుటకు నాలుగు వస్తువులు కావలెను: ఆహారముగా చెక్క, తగిన వేడి, గాలి, తడి. పడవలో చెక్క ఉండనే యున్నది. 25 నుండి 32 డిగ్రీల వేడి వీనికి మిక్కిలి అనుకూలము. మన డెల్టాలో సంవత్సరమున చాల భాగము ఇట్టి వేడియే. గాలిని తొలగించుట సాధ్యము కాదు. మన చేతిలో మిగిలినది తడి ఒక్కటే.

ధాన్యమును 14 శాతము తేమకు లోపుగా ఎండబెట్టి గాదెలో పోసినచో బూజు పట్టదని మీకు తెలియును. చెక్కకును ఇట్టి లెక్క కలదు. ఎండు చెక్క బరువులో తేమ నూటికి 20 వంతులకు మించనంతవరకు కుళ్ళు పట్టదు. నూటికి 30 వంతులు దాటినచో కుళ్ళు విజృంభించును. చెక్క పూర్తిగా నీట మునిగి, గాలి దూరకున్నచో మరల ఆగిపోవును. అనగా చెక్కకు మిక్కిలి హాని చేయునది ఎండిపోక, పూర్తిగా మునగక, సగము తడిగా నిలిచియుండు స్థితియే. ఫైబరు పొరల నడుమ చిక్కిన చెక్కకు సరిగా ఈ స్థితియే కలుగును.

ఇంకొక విషయము. ఉప్పునీటికంటె వాననీరే పడవకు ఎక్కువ కీడు చేయును. ఉప్పు ఈ శిలీంధ్రములను కొంత అణచియుంచును. అందువలన సముద్రములో తిరుగు పడవలో సైతము కుళ్ళు తరచుగా పైనుండి, వాననీరు నిలుచు చోటినుండి మొదలగును. ఉప్పుటేరులలో చెక్కను తొలుచు పురుగులు వేరు. అవి నీట మునిగిన చెక్కలో గొట్టములవంటి సొరంగములు చేయును. ఇక్కడ చెప్పునది ఆ పురుగును గురించి కాదు.

తడి ఏ దారిన లోనికి పోవును?

కుళ్ళిన పలకలలో ఎక్కువ భాగము రంధ్రములవద్దనే చెడుట మొదలుపెట్టును. ఇంజను బోల్టుల రంధ్రములు, నీరు వదలు బిరడా రంధ్రము, నిచ్చెనకో కొక్కెమునకో కొట్టిన మరచీలలు, పాత ఇంజను తీసినపుడు మూయక వదలిన రంధ్రములు - ఇవన్నియు తడికి తలుపులు. గడ్డిపరకను నీటిలో ముంచినచో నీరు దానివెంట పైకి ప్రాకునట్లు, రంధ్రమువద్ద కోయబడిన చెక్క నారల వెంట తడి లోపలికి ప్రాకును. ఒక్క మరచీల చుట్టును జానెడు మేర చెక్క చెడుట అరుదు కాదు.

పలక పైఅంచు రెండవ దారి. ఇంజను బిగించు చోట ఫైబరు పొర ఒరసికొనిపోయి చెక్క బయటపడును. అక్కడ పడిన ప్రతి వానచుక్కయు క్రిందికి దిగును. మూడవ దారి పలక, పడవ ప్రక్కలు కలియు మూలలు. పలక ఊగుటచేత అక్కడ వెంట్రుకవంటి పగుళ్ళు కలుగును.

ఈ దారులు ముందుగా తెలిసినచో ఎక్కడ వెదకవలెనో తెలియును.

గుర్తించు విధము

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. ఈ కుళ్ళును అట్టిదే. ఊరక చూచినంత మాత్రమున చిక్కదు. మొదట చెక్క రంగు మారకమునుపే దాని బలము సగము వరకు పోవచ్చును. కావున క్రింది పరీక్షలను వరుసగా చేయవలెను. కావలసిన పరికరములు: చిన్న సుత్తి, ఆర, పదునైన చాకు, రెంచి, మూడు మిల్లీమీటర్ల డ్రిల్లు ముల్లు. పడవను ఒడ్డుకు లాగి, అణియము ఎత్తుగా ఉంచి, ఒక దినము ఆరనిచ్చి పరీక్ష మొదలుపెట్టవలెను.

కంటి పరీక్ష: మూలలలో పగుళ్ళు కలవా? బోల్టుల చుట్టును రంగు ఉబ్బినదా? ఏదైన రంధ్రమునుండి ముదురు గోధుమరంగు నీరు కారి చారలు కట్టినదా? పడవను ఒడ్డుకు లాగిన మరునాడు కూడ మరచీలల వద్ద చెమ్మ ఊరుచున్నదా? చెక్క పడవలో పుట్టగొడుగులు మొలచినవా? పుట్టగొడుగు కనబడినదన్నచో లోపల కుళ్ళు ఏనాడో ముదిరినదని అర్థము. ఒక బద్దకు పొడవు అంచును పలకపై ఆనించి చూడుడు. ఇంజను బిగించిన చోట పలక వంగియున్నచో బద్ద క్రింద సందు కనబడును.

బోల్టు పరీక్ష: ఇంజను బోల్టులను రెంచితో పట్టి చూడవలెను. గట్టి పలకపై నట్టు కొద్దిగా తిరిగి నిలిచిపోవును. ఎంత బిగించినను తిరుగుచునే యుండి, వాషరు లోనికి దిగిపోవుచున్నచో క్రింద చెక్క మెత్తబడినదన్నమాట. ప్రతి నెల ఇంజను వదులగుచున్నదని బోల్టులను మరల మరల బిగించువారు ఈ మాట ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను. వదులగుచున్నది బోల్టు కాకపోవచ్చును.

శబ్ద పరీక్ష: కొబ్బరికాయను తట్టి ముదురు లేతలు చెప్పగల చెవి మీకు కలదు. అదే చెవి ఇక్కడ పనికి వచ్చును. మొదట ఎండుగా ఉండు పై మూలయందు సుత్తితో మెల్లగా తట్టి, గట్టి చెక్క పలుకు ఎట్లుండునో వినవలెను. తరువాత నాలుగు వ్రేళ్ళ ఎడమున పలకయంతయు తట్టుకొనుచు రావలెను. గట్టి చెక్క కంగుమని పలుకును. సుత్తి చేతిలో ఎగురును. కుళ్ళిన చోట తడి గోనెసంచిని కొట్టినట్లు మొద్దుగా పలుకును. అట్టి చోట్లను సుద్దతో గీచి గురుతు పెట్టుకొనవలెను. ఫైబరు పొర మందము మారిన చోట కూడ శబ్దము మారవచ్చును. కావున ఈ ఒక్క పరీక్షతోనే నిర్ణయించరాదు.

ఊపు పరీక్ష: పడవ నేలపై ఉండగా, ఇంజను ఆపి, ప్లగ్గు తీగ తీసివేసి చేయవలెను. ఒకరు ఇంజను క్రింది కాలిని పట్టి ముందునకు, వెనుకకు ఊపవలెను. మరియొకరు పలక పైఅంచున, మూలలలో చూపు నిలుపవలెను. పడవయంతయు కలిసి కదలినచో భయము లేదు. పడవ కదలక, పలక ఒక్కటే వంగుచున్నచో, లేక మూల పగులు తెరచుకొని మూసికొనుచున్నచో ఆ పడవను నీటిలో దింపరాదు.

చాకు పరీక్ష: చెక్క పడవలకు ఇది మేలైనది. చాకు మొనను నార వెంబడి గ్రుచ్చి ఒక పేడును పైకి లేపవలెను. గట్టి చెక్కలో పొడవైన పేడు చిటపటమని లేచును. కుళ్ళు సోకిన చెక్కలో పేడు లేవకనే అడ్డముగా పుటుక్కున తెగును. ముదిరిన కుళ్ళు రెండు విధములుగా కనబడును. ఒకదానిలో చెక్క గోధుమరంగుగా మారి, ఎండిన చెరువు మట్టివలె చదరములుగా బీటలువారి, నలిపినచో పొడియగును. రెండవదానిలో చెక్క తెల్లబడి పీచు పీచుగా వచ్చును. మొదటి రకపు కుళ్ళును ఎండియున్నపుడు చూచి "పొడి కుళ్ళు" అందురు. ఆ పేరు చూచి మోసపోరాదు. తడి లేక ఏ కుళ్ళును పుట్టదు.

డ్రిల్లు పరీక్ష: ఫైబరు పడవలలో చివరి తీర్పు దీనిదే. సుద్ద గురుతుల వద్దను, బిరడా రంధ్రము ప్రక్కను, పలక అడుగు మూలలయందును లోపలివైపునుండి చిన్న రంధ్రములు చేయవలెను. ముల్లు వెలుపలికి దూసికొనిపోకుండ, ఒక అంగుళము మేర వదలి ముల్లుకు గుడ్డపట్టీ చుట్టుకొనవలెను. వచ్చు పొట్టును అరచేత పట్టి చూడవలెను. లేత రంగున, పొడిగా, గరగరలాడుచు వచ్చినచో చెక్క క్షేమము. నల్లగా, తడిగా, ముద్దగా వచ్చి పుట్టగొడుగు వాసన వేయుచున్నచో కుళ్ళినది. రంధ్రమునుండి నీరే కారినచో మరి చెప్పవలసినది లేదు. పరీక్ష ముగియగనే ప్రతి రంధ్రమును ఎపాక్సీ జిగురుతో నింపి మూయవలెను. మూయక వదలినచో పరీక్షయే కొత్త కుళ్ళునకు దారియగును.

పాత పడవను కొనువారు బేరమునకు ముందే ఈ పరీక్షలు చేయుట మంచిది. పాడి గేదెను కొనునపుడు పాలు పితికి చూతురు గదా! పలకపై క్రొత్తగా రంగు వేసియున్నను, అల్యూమినియపు రేకు బిగించియున్నను అక్కడనే ఎక్కువ శ్రద్ధగా వెదకవలెను.

కుళ్ళు రాకుండ కాపాడుట

నివారణ అంతయు ఒక్క మాటలో ఇమిడియున్నది: నీటిని లోనికి పోనీయవద్దు, పోయిన నీటిని లోపల నిలువనీయవద్దు.

రంధ్రముల రక్షణ అన్నిటికంటె ముఖ్యము. ఉత్త చెక్కలో రంధ్రము చేసి బోల్టు దూర్చి, పైన కొంచెము లప్పము పూయుట మన వాడుక. ఇది చాలదు. పండ్రెండు మిల్లీమీటర్ల బోల్టు కావలెనన్నచో మొదట పద్దెనిమిది లేక ఇరువది మిల్లీమీటర్ల రంధ్రము చేయవలెను. వెలుపలివైపు పట్టీతో మూసి, ఎపాక్సీ జిగురులో గట్టిపరచు పొడి కలిపి రంధ్రమును నిండుగ నింపవలెను. జిగురు పూర్తిగా గట్టిపడిన పిదప దాని నడుమ పండ్రెండు మిల్లీమీటర్ల రంధ్రము చేయవలెను. ఇప్పుడు బోల్టు చుట్టును నలుదిక్కుల జిగురు గోడ ఏర్పడినది. పైన బిగింపు వదులై నీరు దిగినను అది చెక్కను తాకదు. బోల్టు తల క్రిందను, వాషరు క్రిందను పాలియురిథేను సీలెంటు పూసి బిగించవలెను. మామూలు సిలికాను పేస్టు నీటి మట్టమునకు దిగువన నమ్మదగినది కాదు. చిన్న వాషరులకు బదులు వెడల్పయిన వాషరులో, లోపలివైపు రేకు పట్టీయో వేసినచో బరువు ఒక్కచోటనే పడదు.

వాడుకలో లేని రంధ్రములను అన్నిటిని వెంటనే మూయవలెను. ఇంజను మార్చినపుడు సాధ్యమైనంతవరకు పాత రంధ్రములనే వాడవలెను.

పడవను ఒడ్డున ఉంచునపుడు అణియము ఎత్తుగా, అమరము పల్లముగా ఉంచి, బిరడా తీసివేయవలెను. అప్పుడు పడిన వాన పడినట్లే పోవును. అమరము అడుగున కొబ్బరి పీచు, గడ్డి, బురద పేరుకొని బిరడా రంధ్రమును మూసివేయును. సరకు దించిన ప్రతిసారియు ఆ చోటు ఊడ్చి కడుగవలెను. తడి గడ్డి పలకకు ఆనుకొనియున్న ప్రతి రాత్రియు కుళ్ళునకు మేత వేసినట్లే.

పడవపై టార్పాలిను బిగించి కట్టుట మంచిదని తలతురు. గాలి ఆడనిచో దానిక్రింద ఆవిరి చేరి, ఎండలో పడవ ఇడ్లీపాత్రయగును. నాలుగు గుంజలపై తాటాకు పందిరి దీనికంటె మేలు; నీడయు ఉండును, గాలియు ఆడును. టార్పాలినే వాడవలసివచ్చినచో నడుమ గెడ పెట్టి ఎత్తి, రెండు కొనలను తెరచి ఉంచవలెను.

తడి చెక్కపై రంగు వేయరాదు. ఎండిన చెక్కకు రంగు గొడుగు వంటిది. తడి చెక్కకు మూత వంటిది. లోని తడిని బయటికి పోనీయక బంధించును. మన తీరమున గుగ్గిలము నూనెలో కాచి పడవ కీళ్ళకు పట్టించుట పూర్వమునుండి ఉన్న పద్ధతి. పడవను ఒడ్డుకు చేర్చి, ఎండబెట్టి, గీకి, పిదప పూయుట అందలి మంచి భాగము. మందు మారినను ఆ క్రమమును విడువరాదు.

చెక్క పడవకు కలప ఎన్నుకొనునపుడు చేవను మాత్రమే తీసికొనవలెను. టేకు చేవ కుళ్ళునకు బాగుగ తట్టుకొనును. కాని టేకు చెట్టుదైనను చేవ చుట్టునుండు తెల్లచెక్క త్వరలోనే కుళ్ళును. మామిడి చెక్క చౌక గాని, తడి తగులు పనికి మన్నదు.

ఫైబరు పడవ కట్టించువారు లోపల వేయు ప్లైవుడ్డును స్వయముగా చూడవలెను. దానిపై భారతీయ ప్రమాణమగు ఐ.ఎస్. 710 అను ముద్ర ఉండవలెను. ఇది మెరైన్ ప్లైవుడ్ ప్రమాణము. దీని అతుకు 72 గంటలు నీటిలో మరగించినను విడిపోకూడదని నియమము. అయితే ఇక్కడ ఒక పొరపాటు పడరాదు. మరిగినను విడిపోనిది జిగురు. ఆ జిగురు పట్టియుంచినది చెక్కయే గనుక తడి నిలిచినచో అదియును కుళ్ళగలదు. కావున పలకను ఫైబరులో మూయకమునుపు కోసిన అంచులన్నిటికి రెండు మూడు పూతల ఎపాక్సీ పట్టించుమని పనివారిని అడుగవలెను. అంచులు మూయబడిన తరువాత అడిగి లాభము లేదు.

కలపకు మందు పట్టించుటలో మన దేశమునకు గొప్ప చరిత్ర కలదు. రాగి, క్రోమియము, ఆర్సెనిక్ లవణములను కలిపి కలపలో ఎక్కించు పద్ధతిని 1933లో డెహ్రాడూను అటవీ పరిశోధన సంస్థలో సొంటి కామేశం కనిపెట్టెను. ఆ మందు ప్రపంచమంతట స్తంభములకు, గుంజలకు వాడబడెను. అందులో ఆర్సెనిక్ విషము ఉన్నందున అమెరికాలో 2003 చివర ఇండ్లకు, పెరడులకు వాడు కలపలో దానిని మానివేసిరి. ఆ మందు ఎక్కించిన కలప ముక్కలను పొయ్యిలో ఎన్నడును కాల్చరాదు. చిన్న పనులకు బోరాక్సు, బోరిక్ ఆమ్లము కలిపిన ద్రావణము పనికివచ్చును. కాని ఇది నీటిలో కరిగి కొట్టుకొనిపోవు మందు. పట్టించి, ఆరిన పిదప పైన రంగో, ఎపాక్సీయో తప్పక వేయవలెను.

కుళ్ళు కనబడినచో ఏమి చేయవలెను?

తడి మాత్రమే చేరి చెక్క ఇంకను గట్టిగా ఉన్నచో, ఇంజను దించి, బోల్టులు తీసి, రంధ్రములను తెరచి ఉంచి, నీడలో గాలి తగులునట్లు ఆరబెట్టవలెను. ఫైబరు పొరల నడుమ తడి తొందరగా ఆరదు. వారముల తరబడి పట్టును. పొట్టు పొడిగా వచ్చువరకు మూయరాదు.

కుళ్ళు ఒక్క మరచీల చుట్టునే ఉన్నచో, గట్టి చెక్క తగులువరకు ఉలితో చెక్కివేసి, మరి రెండంగుళములు అదనముగా తీసి, ఆరబెట్టి, మంచి చెక్కముక్కను ఎపాక్సీతో అతికించి, పైన ఫైబరు గుడ్డ వేయవచ్చును.

కుళ్ళు ఇంజను బోల్టుల వరకు ప్రాకినచో పలక మార్చుట ఒక్కటే మార్గము. చిన్న రంధ్రములు చేసి జిగురు పోసిన చాలునని కొందరు చెప్పుదురు. నీరు నిండిన చెక్కలోనికి జిగురు ఇంకదు. రేకు బిగించిన చాలునని మరికొందరు చెప్పుదురు. రేకు కుళ్ళును దాచును గాని ఆపదు.

పలక మార్చుటకు లోపలివైపు ఫైబరు పొరను, చుట్టును రెండు మూడంగుళముల అంచు విడిచి, కోసి తీయవలెను. కుళ్ళిన ప్లైవుడ్డును మొత్తము త్రవ్వివేసి, వెలుపలి పొర లోపలి ముఖమును గీకి ఎండబెట్టవలెను. అట్టముక్కతో కొలత తీసి క్రొత్త ప్లైవుడ్డు పొరలను పాత మందమునకు సరిగా కోసి, అంచులు మూసి, ఎపాక్సీతో అతికించి బిగింపులు పెట్టవలెను. గట్టిపడిన తరువాత లోపల ఫైబరు గుడ్డలను పడవ ప్రక్కలపైకి, అడుగుపైకి కూడ మళ్ళించి వేయవలెను. పలక బలమంతయు ఈ మళ్ళింపులోనే యున్నది. అలవాటు లేనివారు ఈ పనిని అనుభవము గల పనివానికే అప్పగించి, ప్రతి దశను దగ్గరనుండి చూచుకొనవలెను.

ఈ పనిలో కొన్ని జాగ్రత్తలు ప్రాణములకు సంబంధించినవి. ఫైబరు గీకునపుడు ముక్కునకు మాస్కు, కండ్లకు అద్దములు, చేతులకు తొడుగులు ఉండవలెను. పాలియెస్టరు జిగురులో కలుపు కోబాల్టు యాక్సిలరేటరును, కెటలిస్టును ఒకదానితో నొకటి నేరుగా కలుపరాదు. పేలి మంటలు లేచును. మొదటిదానిని జిగురులో బాగుగ కలిపిన తరువాతనే రెండవది చేర్చవలెను. ఎపాక్సీలో రెండు భాగములను డబ్బాపై చెప్పిన పాళ్ళలోనే కలుపవలెను. గట్టిపరచు భాగమును ఎక్కువ పోసినచో త్వరగా గట్టిపడదు, మెత్తగా మిగిలిపోవును. ఒకేసారి ఎక్కువ కలిపినచో పాత్రలోనే వేడెక్కి పొగలు వచ్చును. వేసవిలో ఉదయపు చల్లదనమున కొంచెము కొంచెముగా కలుపుకొనుట మంచిది.

ఎప్పుడు పరీక్షించవలెను?

సంవత్సరమునకు రెండు మారులు చాలును. స్వాతి, విశాఖ కార్తెలలో వానలు తగ్గిన పిదప ఒకసారి చూడవలెను. వానకాలమున తడి ఎక్కడ చేరినదో అప్పుడు తెలియును. రెండవసారి వేసవిలో పొలము పనులు తగ్గినపుడు చూచి, కావలసిన మరమ్మతు రోహిణి కార్తె ఎండలలో ముగించవలెను. మృగశిర చినుకులు పడునాటికి పడవ ప్రతి రంధ్రము మూయబడి సిద్ధముగా ఉండవలెను. ఏటిలో నీరు పెరిగిన తరువాత పలకను పరీక్షించుట పంటకు చీడ ముదిరిన తరువాత మందు వెదకుట వంటిది.

పరీక్ష బాగుగ తేలినను ఇంజనును ఒక గొలుసుతో పడవకు వేరుగా కట్టియుంచవలెను. పలక విరిగినను ఇంజను ఏటిపాలు కాదు. గెడ, తెడ్లు పడవలో ఎల్లప్పుడు ఉండవలెను. ఎక్కిన ప్రతివారికి ప్రాణరక్షక కోటు ఉండవలెను. ఇవి పరీక్షకు బదులు కావు. పరీక్షకు తోడు మాత్రమే.

గుర్తుంచుకొనవలసిన విషయములు

1. ఫైబరు పడవలోను చెక్క కలదు. అది లోలోపల కుళ్ళును.

2. చెక్కను కుళ్ళించునది శిలీంధ్రము. తేమ 20 శాతమునకు లోపున్నచో అది పెరుగలేదు.

3. ప్రతి రంధ్రము తడికి తలుపు. పెద్ద రంధ్రము చేసి, ఎపాక్సీతో నింపి, అందులోనే బోల్టు రంధ్రము చేయుడు.

4. బోల్టు మరల మరల వదులగుచున్నచో బోల్టును కాదు, చెక్కను అనుమానింపుడు.

5. చూచి, బిగించి, తట్టి, ఊపి, గ్రుచ్చి, తొలిచి పరీక్షింపుడు. పరీక్ష రంధ్రములను మూయ మరువకుడు.

6. పడవను అణియము ఎత్తి, బిరడా తీసి, గాలి ఆడు నీడలో ఉంచుడు.

7. తడి చెక్కపై రంగు వేయకుడు. కుళ్ళిన పలకపై రేకు కొట్టకుడు.

8. పలక వంగుచున్న పడవలో ఎవరిని ఎక్కించకుడు. ఒక్క దరి దూరమే యైనను వలదు.

ఈ పరీక్షలకు పట్టునది ఒక పూట. రేవులో నలుగురు పడవదారులు కలిసి ఒకే దినమున చేసికొనినచో డ్రిల్లు, రెంచి వంటి పరికరములు పంచుకొనవచ్చును. ఒకరి చెవికి తప్పిన శబ్దము మరియొకరి చెవికి చిక్కును.